పాత కంప్యూటరులోని ఉత్తరాలు



ఇల్లు మారడమంటే మనందరికీ తెలిసిన పనే. మంచాలు, బీరువాలు, వంటింటి డబ్బాలు అన్నీ బండి కెక్కించాక, ఖాళీ అయిన ఇంట్లో ఆఖరుసారిగా ఒక చుట్టు తిరుగుతాం. అటకమీద ఏమైనా వుండిపోయిందా, తలుపు వెనక మేకుకు ఏమైనా వేలాడుతోందా అని చూసుకుంటాం. అప్పుడు దొరికేవి ఖరీదైన వస్తువులు కావు గాని, పోతే మళ్ళీ కొనుక్కుందామంటే దొరికేవీ కావు. కంప్యూటరు మార్చడం కూడా ఇల్లు మారడం లాంటిదే. పాత కంప్యూటరు తీసేసి కొత్తది తెచ్చుకున్నప్పుడు, పాతదాంట్లో వుండిపోయిన ఈ-మెయిలు ఉత్తరాలను కొత్తదాంట్లోకి ఎలా తెచ్చుకోవాలో ఇవాళ మాట్లాడుకుందాం.

"ఇవన్నీ మగవాళ్ళు చూసుకునేవి, కాకపోతే పిల్లలు చూసుకునేవి, మనకెందుకులే" అని తప్పుకోకండి. నేను చదివింది పదో తరగతి. ఈ పనికి కావలసింది పెద్ద చదువు కాదు, ఓపిక. బియ్యంలో రాళ్ళేరే ఓపిక వున్నవాళ్ళెవరైనా ఈ పని చెయ్యగలరు. పైగా ఇంట్లో ఎవరి ఉత్తరాలు ఎవరికి ముఖ్యమో మనకు తెలిసినంతగా బజారునుంచి వచ్చే మెకానిక్కుకు తెలియదు.

ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, ఈ మధ్య చాలా ఇళ్ళల్లో కంప్యూటర్లు మారుతున్నాయి. విండోస్ 10 అనే దానికి మైక్రోసాఫ్ట్ కంపెనీవారు మామూలుగా ఇచ్చే మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చిన విండోస్ 11 పాత యంత్రాల్లో చాలావాటికి పట్టదు. దాంతో జనం కొత్తవి కొంటున్నారు. కొత్తది పెట్టడానికి బల్ల ఖాళీ చేస్తున్నారు. బల్లమీద పాతది పోయి, అటకమీద అంతకంటే పాతది కూడా కిందికి దిగుతోంది. రెండూ కలిపి పాత సామాన్లవాడికి వేసేద్దామంటారు ఇంట్లోవాళ్ళు. అక్కడ కాస్త ఆగమని నా మనవి.

ముందుగా ఒక సంగతి బాగా అర్థం చేసుకోవాలి. ఉత్తరాలు ఎక్కడ వున్నాయి? ఇప్పటి పిల్లల నడిగితే "మెయిల్లో వుంటాయి" అంటారు. వాళ్ళ మాట వాళ్ళ వరకు నిజమే. జీమెయిలు లాంటివాటిలో ఉత్తరాలు ఆ కంపెనీవారి యంత్రాల్లో వుంటాయి. ఏ కంప్యూటరు ముందు కూర్చున్నా, ఏ ఫోను పట్టుకున్నా, పాస్‌వర్డ్ వేస్తే కనిపిస్తాయి. కాని 20, 25 ఏళ్ళ క్రితం ఎక్కువ ఇళ్ళల్లో సంగతి వేరు. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్టు ఇవ్వడం 1995 ఆగస్టులో మొదలైంది. టెలిఫోను తీగెమీద కీచుమంటూ కలిసేది. గంటల లెక్కన డబ్బు కట్టాలి. ఉత్తరాలు దాచడానికి కంపెనీవాళ్ళిచ్చే జాగా కూడా బహు కొంచెం. 2004 ఏప్రిల్ 1న జీమెయిలు వచ్చి, మనిషికి ఒక గిగాబైటు జాగా ఇస్తామంటే, తేదీని చూసి చాలామంది ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు!

అందుచేత అప్పట్లో వేరే పద్ధతి వుండేది. లైను కలిపి, వచ్చిన ఉత్తరాలన్నీ గబగబా మన కంప్యూటరులోకి దింపుకుని, లైను తెంపేసి, తీరిగ్గా చదువుకునేవాళ్ళు. ఈ పద్ధతి పేరు పాప్. పొడుగు పేరు పోస్టాఫీస్ ప్రోటోకాల్. పేరుకు తగ్గట్టే అది పోస్టాఫీసులా పనిచేస్తుంది. పోస్ట్‌మాన్ మీ ఉత్తరం మీ చేతికిచ్చాక పోస్టాఫీసులో దాని నకలుంటుందా? ఉండదు కదా. ఇక్కడా అంతే. ఒక కాపీ అక్కడ కూడా వుంచమని ప్రత్యేకంగా గుర్తుపెడితే తప్ప, దింపుకున్న ఉత్తరం కంపెనీవారి యంత్రంలోనుంచి చెరిగిపోయేది. అంటే ఆ ఉత్తరం లోకం మొత్తం మీద ఒకేచోట వుంది. మీ అటకమీది డబ్బాలో.

ఇంకో తేడా చెబుతాను. పూర్వం మనం ఉత్తరం రాసి డబ్బాలో వేస్తే అది మనది కాదు. మన దగ్గర మిగిలేవి అవతలివాళ్ళు మనకు రాసినవి. ఇంటి దూలానికి వేలాడే ఇనుప తీగెకు గుచ్చి వుంచేవాళ్ళం చూడండి, అవన్నీ వచ్చినవే. ఈ-మెయిలు కార్యక్రమంలో అలా కాదు. వచ్చినవి 'ఇన్‌బాక్స్' అనే అరలో వుంటే, మనం రాసి పంపినవాటి నకళ్ళు 'సెంట్ ఐటమ్స్' అనే ఇంకో అరలో వుంటాయి. సగం రాసి ఆపేసినవి 'డ్రాఫ్ట్స్'లో వుంటాయి. మనిషి పోయాక ఆ మనిషి మాట వినిపించేది ఆ రెండో అరలోనూ మూడో అరలోనూ. ఈ తేడా నాకు మా పెద్దమ్మగారింట్లో బాగా తెలిసొచ్చింది.

మా పెదనాన్నగారు తెనాలిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన కూతురు, అంటే మా అక్కయ్య, పెళ్ళయి న్యూజెర్సీ వెళ్ళింది. ఫోను చేస్తే నిమిషానికింతని డబ్బు. అందుకని ఆయన 2003లో కంప్యూటరు కొని, అరవై దాటాక టైపు నేర్చుకుని, వారానికి రెండు ఉత్తరాలు రాసేవారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. ఎనిమిదేళ్ళు రాశారు. ఆయన 2014లో పోయారు. కంప్యూటరుమీద పాత దుప్పటి కప్పి అలాగే వుంచింది పెద్దమ్మ. 2024లో ఇల్లు అపార్టుమెంటు కట్టేవాళ్ళకిచ్చారు. సామాన్లు తగ్గించుకోవాలి. ఊళ్ళో ఒక కంప్యూటరు షాపు కుర్రవాణ్ణి పిలిపిస్తే వచ్చి ఓ గంట కూర్చుని, "డేటా అంతా తీసేశాను మామ్మగారూ, ఇంక డబ్బా ఇచ్చేసుకోవచ్చు" అని పెన్ డ్రైవు చేతిలో పెట్టాడు.

పెద్దమ్మ గట్టి మనిషి. "ఉత్తరాలు కూడా వచ్చాయా బాబూ?" అంది.

"అవి మెయిల్లో వుంటాయి కదండీ. పాస్‌వర్డ్ వేస్తే ఎప్పుడైనా వస్తాయి."

ఆ మెయిలిచ్చిన ఇంటర్నెట్టు కనెక్షను తీసేసి పదేళ్ళయింది. ఇక అక్కయ్య వైపు చూద్దామా అంటే, ఆవిడ అప్పట్లో వాడింది తన ఆఫీసు అడ్రసు. ఉద్యోగం మారేసరికి ఆ ఉత్తరాలూ ఆఫీసుతోనే పోయాయి. పెద్దమ్మ నాకు ఫోను చేసింది. "నువ్వు రేడియోలో అన్నీ చెబుతుంటావు కదే, ఇదేమిటో చెప్పు" అంది. మర్నాడు తెనాలి వెళ్ళి పెన్ డ్రైవు చూస్తే అందులో 'మై డాక్యుమెంట్స్' వుంది, ఫొటోలున్నాయి, పాటలున్నాయి. ఉత్తరం ఒక్కటి లేదు. ఆ కుర్రవాడు అబద్ధమాడాడని నేననను. అతను పుట్టేనాటికి ఈ పద్ధతి వుంది గాని, అతను కంప్యూటరు పట్టేనాటికి లేదు.

ఇక అసలు పనిలోకి వస్తాను. ఆ రోజుల్లో మన ఇళ్ళల్లో ఎక్కువగా వాడినది అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్. 1997లో వచ్చింది. విండోస్ 98తోనూ, 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతోనూ ఊరికే ఇచ్చేవారు. కొత్త కంప్యూటర్లలో అది లేదు, పెట్టుకుందామన్నా నడవదు. కాబట్టి ప్రోగ్రామును తెచ్చుకోవాలని చూడకండి. ప్రోగ్రాము అద్దెయిల్లు. మనకు కావలసింది అందులోని సామాను.

ఆ సామాను ఎక్కడుంటుందో కనుక్కోవడానికి అడ్డదారి లేదు గాని మంచి దారే వుంది. పాత కంప్యూటరులో ఆ ప్రోగ్రాము తెరిచి, పైన 'టూల్స్' అన్నచోట నొక్కి, 'ఆప్షన్స్'లోకి వెళ్ళి, 'మెయింటెనెన్స్' అనే పేజీలో 'స్టోర్ ఫోల్డర్' అన్న మీట నొక్కితే ఒక పొడుగాటి చిరునామా కనిపిస్తుంది. దాన్ని కాగితం మీద రాసుకోండి. లేదా ఎంచి కాపీ చేసుకోండి. చిరునామా మధ్యలో 'ఐడెంటిటీస్' అని వుండి, దాని తర్వాత అర్థంపర్థం లేని అంకెలు, అక్షరాలు కలిసిన పేరొకటి వుంటుంది. కంగారుపడక్కర్లేదు. ఇంట్లో భార్యకొకటి భర్తకొకటి విడిగా ఐడెంటిటీ పెట్టుకుని వుంటే అలాంటి ఫోల్డర్లు రెండుంటాయి. ఒకటి దొరికిందని సంతోషించి రెండోది వదిలెయ్యకండి.

ఈ ఫోల్డరు మామూలుగా కంటికి కనిపించదు. విండోస్ దాన్ని దాచిపెడుతుంది. మా షాపు కుర్రవాడికి దొరకనిది అందుకే. 'ఫోల్డర్ ఆప్షన్స్'లో 'వ్యూ' అన్న పేజీకి వెళ్ళి, దాచిన ఫైళ్ళు కూడా చూపించమని గుర్తు పెట్టాలి. అప్పుడు లోపల డి.బి.ఎక్స్. అనే తోకతో ఫైళ్ళు కనిపిస్తాయి. ఇన్‌బాక్స్ ఒక ఫైలు, సెంట్ ఐటమ్స్ ఒక ఫైలు, డ్రాఫ్ట్స్ ఒక ఫైలు. మీరు విడిగా 'అమెరికా', 'బ్యాంకు', 'పెళ్ళి పనులు' అని అరలు చేసుకుని వుంటే వాటికీ ఒక్కొక్క ఫైలు. ఒక అరలోని వెయ్యి ఉత్తరాలూ ఆ ఒక్క ఫైల్లోనే గుచ్చి వుంటాయన్నమాట, మన ఇనుప తీగె లాగా. తీగె తెగితే అన్నీ ఒకేసారి రాలిపోతాయి. అందుకే ఈ ఫైళ్ళతో జాగ్రత్త.

మొట్టమొదట చెయ్యవలసింది ఆ ఫోల్డరు ఫోల్డరంతా పెన్ డ్రైవులోకి కాపీ చెయ్యడం. 'ఫోల్డర్స్' అనే పేరుతో ఇంకో డి.బి.ఎక్స్. వుంటుంది, అది పట్టిక. అదీ తీసుకోండి. కాపీ చేసేముందు అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ మూసెయ్యాలి. మూసేటప్పుడు ఒక్కోసారి "జాగా ఆదా చెయ్యడానికి మీ ఉత్తరాలను కుదించమంటారా" అని ఇంగ్లీషులో అడుగుతుంది. వందసార్లు మూసిన తర్వాత ఒకసారి అలా అడగడం దానికి అలవాటు. వద్దనండి. కుదించడం తప్పు కాదు గాని, పాత డిస్కు ఆ పని మధ్యలో ఆగిపోతే ఫైలు పాడవుతుంది. ముందు కాపీ, తర్వాతే ఏ వైద్యమైనా.

ఏళ్ళ తరబడి ఆపివుంచిన యంత్రాన్ని పెట్టడంలో కూడా కొంచెం పద్ధతుంది. దుమ్ము దులిపి, తీగెలు చూసుకుని, ఒకసారి పెట్టి, పని అయ్యేదాకా ఆపకండి. తెరమీద గడియారం తప్పు తేదీ చూపిస్తుంది. లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ అయిపోయి వుంటుంది, అంతే. ఉత్తరాల తేదీలు ఉత్తరాల్లోనే రాసి వుంటాయి గనక వాటికేమీ కాదు. డిస్కు టకటకమని చప్పుడు చేస్తే మాత్రం వెంటనే ఆపెయ్యండి. అప్పుడిక డిస్కు మరమ్మతు తెలిసినవాళ్ళ దగ్గరకే వెళ్ళాలి, మళ్ళీమళ్ళీ పెట్టి చూడకూడదు. యంత్రం పైకి లేవకపోయినా డిస్కు బాగానే వుండవచ్చు. దాన్ని విప్పి తీసి, యూ.ఎస్.బి.కి కలిపే చిన్న సాధనం బజార్లో దొరుకుతుంది, దాంతో కొత్త కంప్యూటరుకే తగిలించి చదవవచ్చు. పాత డిస్కుల మూతి వెడల్పు, తర్వాతవాటి మూతి సన్నం. సాధనం కొనేముందు డిస్కు చేత్తో పట్టుకెళ్ళి చూపించి కొనండి. ఇంకొక మాట. పాత ఎక్స్‌పీ కంప్యూటరుకు ఇంటర్నెట్టు తగిలించవద్దు. దానికి మద్దతు 2014 ఏప్రిల్ 8తోనే ఆగిపోయింది. ఈ పనికి ఇంటర్నెట్టుతో అవసరం కూడా లేదు.

మీది మరీ పాత విండోస్ 98 అయితే పెన్ డ్రైవును గుర్తుపట్టదు. డ్రైవరు అనే దాన్ని విడిగా ఎక్కించాలి. దానికంటే సీడీ మీదికి ఎక్కించడం తేలిక, సీడీ రాసే సాధనం వుంటే. సీడీతో ఒక చిక్కుంది. సీడీమీదనుంచి కొత్తచోటికి దింపిన ఫైళ్ళకు 'రీడ్ ఓన్లీ' అనే ముద్ర పడవచ్చు. ఆ ముద్ర వున్న డి.బి.ఎక్స్. ఫైలును ఏ అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్సూ తెరవదు. ఫైలు పాడైపోయిందని ఏడ్చేవాళ్ళను చూశాను. ఫైలు మీద కుడి మీట నొక్కి, 'ప్రాపర్టీస్'లో ఆ గుర్తు తీసేస్తే సరి.

సరే, ఫైళ్ళు చేతికొచ్చాయి. ఇవి కొత్త కంప్యూటరులో తెరుచుకుంటాయా? తెరుచుకోవు. ఆ తాళానికి ఆ తాళంచెవే. కాబట్టి పాత కంప్యూటరు ఇంకా నడుస్తుండగానే రెండో పని చేసుకోవాలి. ఇది నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి. డెస్క్‌టాప్ మీద ఖాళీ ఫోల్డరు పెట్టి 'ఇన్‌బాక్స్' అని పేరు పెట్టండి. అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లో ఇన్‌బాక్స్ తెరిచి, ఉత్తరాలు ఎంచుకుని, మౌసుతో లాగి ఆ ఫోల్డరులో వదలండి. ఒక్కొక్క ఉత్తరం విడిగా ఒక ఫైలై పడుతుంది. దాని తోక ఇ.ఎమ్.ఎల్. పేరు ఉత్తరం శీర్షికే. ఒకేసారి వేల ఉత్తరాలు లాగితే పాత యంత్రం ఆయాసపడుతుంది. రెండు మూడొందల చొప్పున లాగండి. ఇలా ప్రతి అరకూ ఒక ఫోల్డరు. జతపరిచిన ఫొటోలూ అవీ ఆ ఫైల్లోనే వుంటాయి, విడిపోవు. తీగెకు గుచ్చిన ఉత్తరాలను ఒక్కొక్కటే తీసి కవర్లో పెట్టడమన్నమాట. ఒకటి పాడైనా మిగతావి నిలుస్తాయి.

కొత్త కంప్యూటరులో థండర్‌బర్డ్ అనే ప్రోగ్రాము పెట్టుకోండి. డబ్బు కట్టక్కర్లేదు. 2004లో మొదటి పూర్తి వెర్షను వచ్చింది, ఇప్పటికీ నడుస్తోంది. దానికి 'ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ టూల్స్ ఎన్.జి.' అనే అదనపు పరికరం తగిలిస్తే, ఫోల్డరులోని ఇ.ఎమ్.ఎల్. ఫైళ్ళన్నిటినీ ఒక్కసారిగా లోపలికి తీసుకుంటుంది. ముందు 'లోకల్ ఫోల్డర్స్' కింద అరలు చేసుకుని, ఏ అరవి ఆ అరలోకి దింపుకోండి. ఇవి మీ కంప్యూటరులోనే వుంటాయి. మీకు జీమెయిలు వుంటే దాన్ని కూడా థండర్‌బర్డ్‌లో పెట్టుకుని, పాత ఉత్తరాలను అందులోకి లాగి వదలవచ్చు. అప్పుడు అమెరికాలో వున్నవాళ్ళు కూడా అదే జీమెయిలు తెరిచి చదువుకోగలరు. ఇది వేగంగా జరిగే పని కాదు, రాత్రంతా నడవనివ్వాలి.

అడ్రసుల పుస్తకం ఉత్తరాల్లో వుండదు. అది వేరే సామాను. 'ఫైల్'లో 'ఎక్స్‌పోర్ట్'కు వెళ్ళి 'అడ్రస్ బుక్' అంటే, సి.ఎస్.వి. అనే మామూలు పట్టికగా రాసిస్తుంది. థండర్‌బర్డ్ దాన్ని తీసుకుంటుంది. ఏ గడి పేరు, ఏ గడి మెయిలు అని అడిగినప్పుడు సరిచూసుకోవాలి, లేకపోతే బాబాయిగారి ఫోను నంబరు ఆయన పేరైపోతుంది.

మన తెలుగువాళ్ళకు వచ్చే చిక్కొకటుంది. అప్పట్లో డీటీపీ సెంటర్లలో తెలుగు టైపు చెయ్యడానికి అను వంటి ఫాంట్లు వాడేవారు. వాటిలో తెలుగు అక్షరం తెలుగు అక్షరంగా దాచబడదు. ఇంగ్లీషు అక్షరాలమీద తెలుగు బొమ్మ అతికించినట్లుంటుంది. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. పెదనాన్నగారు మా వంశవృక్షం అంతా అలా టైపు చేయించి ఒక ఉత్తరానికి జతపరిచారు. కొత్త కంప్యూటరులో తెరిస్తే ఏడు తరాలవాళ్ళూ గీతలూ చుక్కలూ! పాత కంప్యూటరులో విండోస్ కింద 'ఫాంట్స్' అనే ఫోల్డరుంటుంది. అందులోనుంచి ఆ ఫాంటు తెచ్చి పెట్టగానే ముత్తాతగారు మళ్ళీ ముత్తాతగారయ్యారు. కాబట్టి తెలుగు ఫాంట్లను కూడా మూటలో కట్టుకోండి. ఎక్స్‌పీలో పుట్టుకతో వచ్చిన గౌతమి ఫాంటుతో రాసినవాటికి ఈ బాధ లేదు, అది అందరికీ ఒప్పందమైన యూనికోడ్ పద్ధతి.

మిగతా ప్రోగ్రాముల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2007లో వచ్చిన విస్టాలో విండోస్ మెయిల్ అని వుండేది, అందులో ఉత్తరాలు మొదటినుంచీ ఇ.ఎమ్.ఎల్. ఫైళ్ళే, కాపీ చేసుకుంటే చాలు. ఆఫీసుల్లో వాడే పెద్ద అవుట్‌లుక్ వేరు. పేరు చూసి రెండూ ఒకటేననుకోకండి. దానిది పి.ఎస్.టి. అనే ఒక్కటే పెద్ద ఫైలు. పాత కంప్యూటరులో వున్నది థండర్‌బర్డే అయితే మీరు అదృష్టవంతులు. 'హెల్ప్'లోని 'ట్రబుల్ షూటింగ్ ఇన్ఫర్మేషన్' చూస్తే ప్రొఫైలు అనే ఫోల్డరు దొరుకుతుంది. ప్రోగ్రాము మూసి, ఆ ఫోల్డరంతా పట్టుకెళితే ఉత్తరాలు, అడ్రసులు, ఆఖరికి దాచుకున్న పాస్‌వర్డులు కూడా వచ్చేస్తాయి. పాస్‌వర్డులుంటాయి గనకే ఆ పెన్ డ్రైవు బజారు మనిషి చేతికివ్వకూడదు.

విదేశాల్లో చదివొచ్చిన కొందరిళ్ళల్లో యుడోరా అనేది వుండవచ్చు. ఆ పేరు వెనక ముచ్చటొకటుంది. యుడోరా వెల్టీ అనే అమెరికా రచయిత్రి, పోస్టాఫీసులో కాపురం పెట్టిన ఒకామె గురించి కథ రాసింది. ఈ-మెయిళ్ళ మధ్యే రోజంతా గడుపుతున్న స్టీవ్ డోర్నర్ అనే ఆయనకు, 1988లో ప్రోగ్రాము తయారుచేస్తున్నప్పుడు, తన బతుకూ అలాగే వుందనిపించి ఆవిడ పేరు పెట్టుకున్నాడు. ముచ్చట సరే, జాగ్రత్త ఏమిటంటే, యుడోరా జతపరిచిన ఫొటోలను ఉత్తరంలో వుంచకుండా వేరే ఫోల్డరులో పెడుతుంది. దాన్ని మరిచిపోతే ఉత్తరాలొస్తాయి గాని ఫొటోలు రావు.

సామాను దిగాక లెక్క చూసుకోవాలి కదా. పాతదాంట్లో ప్రతి అరకూ కింద ఎన్ని ఉత్తరాలున్నాయో చూపిస్తుంది. ఆ అంకె రాసుకుని కొత్తదాంట్లో సరిచూడండి. తర్వాత ప్రతి అరలోనూ మొదటిదీ, చివరిదీ, మధ్యలో ఫొటో వున్నదొకటీ తెరిచి చూడండి. తెరిచి చూడమన్నాను గాని చదవమనలేదు. ఇది నాకు పట్టింపైన విషయం. ఉత్తరాలు తరలించే మనిషి పోస్ట్‌మాన్ లాంటివాడు. తెనాలిలో పని మొదలుపెట్టే ముందు నేను అక్కయ్యకు ఫోను చేసి, "ఇవి నీకూ పెదనాన్నకూ మధ్య ఉత్తరాలు, తియ్యమంటావా?" అని అడిగాను. పెద్దమ్మకు ఇష్టమే అయినా అక్కయ్యను అడగాలనిపించింది. ఆ ఎనిమిదేళ్ళల్లో డబ్బు ఇబ్బందులుంటాయి, అల్లుడితో మాటలుంటాయి, ఒకరిమీద ఒకరు అలిగినవుంటాయి. చనిపోయినవాళ్ళు మనకు అనుమతివ్వలేరు. బతికున్నవాళ్ళనైనా అడగాలి.

ఇన్‌బాక్స్‌లో నాలుగు వందల పైచిలుకు, సెంట్ ఐటమ్స్‌లో ఏడు వందల పైచిలుకు వచ్చాయి. డ్రాఫ్ట్స్‌లో మూడు. రాసి, పంపకుండా వుంచేసినవి. శీర్షికలు కూడా పెట్టలేదు. ఆ మూడింటినీ విడి ఫోల్డరులో పెట్టి అక్కయ్యకు పంపాను. తర్వాత నాలుగు రోజులు ఆవిడ ఫోను చెయ్యలేదు. ఐదోనాడు చేసి, వంశవృక్షం ఫాంటు పేరేమిటని అడిగింది. నేను చెప్పాను. ఆ మూడింటిలో ఏముందో ఆవిడ చెప్పలేదు, నేనడగలేదు.

కాపీలు రెండుండాలి. ఒకటి కంప్యూటరులో, ఒకటి విడి డిస్కులోనో పెన్ డ్రైవులోనో, వీలైతే వేరే ఇంట్లో. మొదట కాపీ చేసిన డి.బి.ఎక్స్. ఫోల్డరును కూడా పారెయ్యకండి. అది మూలప్రతి. పెన్ డ్రైవు పుట్టింటి బంగారం కాదు, కొన్నేళ్ళు వాడకుండా పడివుంటే చెప్పకుండా పోతుంది. సంవత్సరానికోసారి తీసి తెరిచి చూసి, కొత్తదాంట్లోకి మార్చుకోండి. సంక్రాంతికి అటక దులిపేటప్పుడు ఆ పని పెట్టుకుంటే గుర్తుంటుంది.

లెక్క సరిపోయాక కూడా పాత కంప్యూటరును ఒక నెల వుంచండి. ఏదో ఒక అర మరిచిపోయామని తెలిసేది సాధారణంగా రెండో వారంలో. ఆ తర్వాత ఇచ్చెయ్యదలిస్తే డిస్కు మాత్రం విప్పి తీసుకోండి. 'ఫార్మాట్' చేశాం కదా అని ధైర్యపడవద్దు, త్వరగా చేసే ఫార్మాటుతో ఉత్తరాలు నిజంగా చెరగవు, తెలిసినవాడు మళ్ళీ పైకి తీస్తాడు. చెరిపేసే ప్రోగ్రాములు వేరే వున్నాయి. అవి చేతకాకపోతే డిస్కు మీదగ్గరే వుంచుకోవడం మేలు. మిగిలిన డబ్బాను, ముఖ్యంగా వెనక్కి బుర్రలా పొడుచుకొచ్చే పాత మానిటరును, పాత ఇనుము వాడికి వెయ్యకండి. ఆ గాజులో సీసం వుంటుంది. వాడు పగలగొడితే వాడికీ, వాడి పిల్లలకూ హాని. ఎలక్ట్రానిక్ వ్యర్థాలకు 2023 ఏప్రిల్ 1నుంచి కొత్త నిబంధనలు అమల్లోకొచ్చాయి. వాటి ప్రకారం రిజిస్టరయిన సంస్థలున్నాయి. మీ ఊరి మునిసిపాలిటీవారిని అడిగితే వాటిని ఎక్కడ తీసుకుంటారో చెబుతారు.